వేడి శరీరం

"దిండు దివాన్ మీద ఎందుకున్నది?"

సులోచన ఎవరి ముఖమూ చూడకుండా అడిగింది. హాల్లో ఆమె భర్త కిషన్ రావు పేపరు చదువుతున్నాడు. కొడుకు సుమంత్ బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. కోడలు మాధురి టీ గ్లాసులతో వంటింటి గడపలో ఆగిపోయింది.

"నడుం నొప్పని చెప్పిన కదమ్మా" అన్నాడు సుమంత్, తల ఎత్తకుండా.

"హోలీ పోయింది, ఉగాది పోయింది, నీ నడుం నొప్పి మాత్రం పోలే."

"గట్టిగున్నదాని మీద పండుకోమని డాక్టర్ చెప్పిండు."

"ఏ డాక్టర్? పేరు చెప్పు, నేను గూడ పోత. నాకు మోకాళ్లున్నయి."

కిషన్ రావు పేపరు మడిచాడు. "వానికి క్లాసు టైమయితున్నది సులోచనా. పోనియ్యి."

"పోనియ్యక పట్టుకున్ననా? అడిగిన. ఇంట్ల అడిగే హక్కు గూడ లేదా?"

సుమంత్ అశోక్ నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు పాలిటీ చెబుతాడు. రాజ్యాంగంలో ఏ అధికరణం అడిగినా తడుముకోడు. తల్లి అడిగిన డాక్టరు పేరు మాత్రం చెప్పకుండానే లేచాడు. మాధురి టీ గ్లాసు ముందుకు చాపింది.

"వద్దు, లేటయింది" అని మెట్లు దిగిపోయాడు.

లేటు కాలేదని మాధురికి తెలుసు. గ్లాసు అందుకుంటే వేళ్లు తగులుతాయి. అంతే.

హోలీకి ముందు ఆమెకు జ్వరం వచ్చింది. నడవడానికి లేకుండా, మూత్రానికి వెళ్తే ప్రాణం పోయేంత మంట. చెప్పుకోలేని చోట నీటి గుల్లలు. నారాయణగూడలో డాక్టర్ రచన చూసి, పరీక్ష చేయించి, హెర్పిస్ అని, పడక సంబంధంలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదని చెప్పింది. ఆ మాట ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరికే తెలుసు. అత్తమామలకు 'వేడి చేసింది' అన్నారు. ఆ మాట విన్నాక మన ఇళ్లల్లో ఎవరూ రెండో ప్రశ్న వేయరు. వేయకపోవడం ఒక్కోసారి దయే.

పుండ్లు మానాయి. సుమంత్ దివాన్ మాత్రం వదల్లేదు.

వంటింట్లో సులోచన పెద్ద గ్లాసులో సబ్జా నీళ్లు కలిపి కోడలి చేతిలో పెట్టింది. నానిన గింజలు బూడిదరంగులో తేలుతున్నాయి.

"తాగు. ఎండలు పోయేదాక మామిడిపండు ముట్టకు. కోడిగుడ్డు ముట్టకు. నువ్వు చాటుకు తింటవని నాకు ఎరుకే."

"తింటలేను అత్తమ్మా."

"నిన్న మామిడిటెంక చెత్తబుట్టల కూసొని నన్ను చూసి నవ్వింది. అబద్ధం చెప్తే గింత తెలివిగ చెప్పాలె." తనే నవ్వింది సులోచన. కోపం ఆమెకు వచ్చినంత తొందరగానే పోతుంది. "ఏం జంటనో మీది. మొగునిదీ వేడి శరీరమే, పెండ్లాందీ వేడి శరీరమే."

"ఆయనకు గూడ వేడి చేస్తదా?" మాట కలపడానికే అడిగింది మాధురి.

"చేస్తదా అంటవేంది? ఉద్యోగం కోసం చదువుకుంటున్న కాలం నుంచి ఉన్నదే గదా. ఎండలు ముదిరితే చాలు. బండి మీద కూసోరాకపొయ్యేది వానికి. ఏమైందిరా అంటే, తొడ సందున గుల్లలమ్మా అనేటోడు. గిదే సబ్జా తాపేదాన్ని. వారం తిరగకుంటనే మానుతుండె. పోయినేడు గూడ అయ్యింది, నువ్వు మీ అమ్మగారింట్ల ఉంటివి. చెప్పలేదా నీకు?"

"లేదత్తమ్మా."

"మొగోళ్లు గసొంటియి చెప్తరా? సిగ్గు." సులోచన పోపు డబ్బా కోసం అటు తిరిగింది.

మాధురి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.

హెర్పిస్ అని తెలిసిన రోజు సుమంత్ ఒకే ఒక్క మాట అడిగాడు. "పుణెల ఉన్నప్పటిదా?" అని. పెళ్లికి ముందే, నారాయణగూడలో ఇరానీ హోటల్లో కూర్చుని, పుణెలో ఉద్యోగం చేసేటప్పుడు తనకొక స్నేహితుడు ఉండేవాడని మాధురే చెప్పింది. దాచడం ఇష్టం లేక చెప్పింది. అప్పుడు సుమంత్, "పాత ముచ్చట్లు మనకెందుకు" అని రెండో ఉస్మానియా బిస్కెట్ ఆమె సాసర్లో పెట్టాడు. ఆ బిస్కెట్ కోసమే ఇతన్ని చేసుకున్నానని తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

అదే మనిషి ఇప్పుడు టీ గ్లాసు అందుకోవడం లేదు.

*

మధ్యాహ్నం ఆఫీసు నుంచి అనుమతి తీసుకుని నారాయణగూడ వెళ్లింది. సుమంత్ వస్తానని ముందురోజే అన్నాడు. క్లినిక్ మెట్ల కింద నిలబడి ఫోన్ చేస్తే, "డౌట్స్ క్లాసు పడ్డది, నువ్వు చూపించుకో" అన్నాడు. వెనక పిల్లల గొంతులు వినబడలేదు. ఫ్యాన్ శబ్దం ఒక్కటే వినబడింది.

లోపల కుర్చీలు నిండి ఉన్నాయి. ఒక ముసలామె తన సంచి తీసి ఒళ్లో పెట్టుకుని జరిగింది. ఏమైంది బిడ్డా అని అడగలేదు. పిల్లలెంతమంది అని అడగలేదు. సంచిలోంచి విసనకర్ర తీసి, ఇద్దరికీ తగిలేట్టు విసురుతూ కూర్చుంది. మాధురికి ఆ గాలికే కళ్లు చెమర్చాయి.

డాక్టర్ రచన పరీక్ష చేసి, చేతులు కడుక్కుని, బల్ల అవతల కాకుండా మాధురి పక్క కుర్చీలోనే కూర్చుంది.

"పూర్తిగా మానిపోయింది. చర్మం మామూలుగా ఉంది."

"అయితే మేడం..." మాధురి ఆగిపోయింది.

"కలిసి ఉండొచ్చు" అంది డాక్టరు, ఆ వాక్యం ఆమె చేత పూర్తి చేయించకుండా. "కానీ మీ ఒంటిని చదవడం నేర్చుకోవాలి. మళ్లీ వచ్చేముందు అది చెబుతుంది. గుల్ల కనబడక ముందే ఆ చోట జివ్వుమంటుంది, దురద, మంట. కొందరికి పిరుదుల్లోనో కాళ్లలోనో లాగినట్టుంటుంది. కొన్ని గంటల ముందు కావచ్చు, ఒకటి రెండు రోజుల ముందు కావచ్చు. అది మొదలైతే ఆగిపోవాలి. పుండు పూర్తిగా మానేదాకా ఆగాలి. హోలీ ముందు మీకెట్లా మొదలైంది?"

మాధురి గుర్తు చేసుకుంది. "ఎడమ తొడ వెనక తీగ గుంజినట్టు. బస్సుల నిలబడి వచ్చినందుకనుకున్న."

"అదే. అది మీకు గుర్తు. ఏ గుర్తూ లేని రోజున కూడా ఒక్కోసారి అంటుకోవచ్చు, అది కూడా చెప్పాలి కదా నేను. కండోమ్ వాడితే ఆ ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. మాటిమాటికీ వస్తుంటే రోజూ వేసుకునే మాత్రలున్నాయి. మొదటిసారంత బాధ మళ్లీ సాధారణంగా ఉండదు. పిల్లల్ని కనొచ్చు. అప్పుడు చూసే డాక్టరుకు మాత్రం ముందే చెప్పండి."

మాధురి చీర కొంగు వేలికి చుట్టుకుంది. అత్త చెప్పిన సంగతి చెప్పింది.

"నేను కళ్లతో చూడనిదాన్ని అదేనని అనను" అంది డాక్టరు. "కానీ ఏళ్లతరబడి వేడి అనుకుని గడిపేసినవాళ్లు నా దగ్గరకు చాలామంది వస్తారు. ఈసారి వచ్చినప్పుడు గుల్లలు ఎండకముందే రమ్మనండి. వాటిలోని తడి తీసి పరీక్ష చేస్తాం."

"ఎవరి నుంచి ఎవరికని తెలుస్తదా?"

"తెలియకపోవచ్చు. గుల్ల కనబడ్డ రోజే అంటుకున్న రోజు కాదు. మీది కూడా ఎన్నేళ్లదో నేను చెప్పలేను."

"ఆయన మాత్రం చెప్పగలుగుతుండు మేడం."

"తిడుతున్నాడా?"

"తిడితే మంచిగుంటుండె. దివాన్ మీద పండుకుంటుండు."

రచన ఆమె భుజం మీద చెయ్యి వేసింది. గ్లౌజు లేని చెయ్యి. "ఆయన్ని అడగండి. కానీ మొదలయ్యేముందు ఎట్లా ఉంటుందో, ఆ గుర్తులు మీరు అందించకండి. ఆయన నోటితోనే రానివ్వండి."

*

ఆదివారం ముషీరాబాద్‌లో తొట్టెల ఫంక్షన్ ఉంది, సులోచన చెల్లెలి మనవణ్ణి ఉయ్యాల్లో వేసే వేడుక. మాధురి రానందని పొద్దున్నించే గొడవ.

"కోడలు రాకుంటే ఏమంటరు? పోయినకాడల్ల అడుగుతరు, మీ కోడలేది, మీ ఇంట్ల తొట్టెల ఎప్పుడని."

"కోడలు ఇంట్ల ఉన్నదని చెప్పు. అబద్ధం గాదు గదా" అన్నాడు కిషన్ రావు.

"రెండోదానికేం చెప్పాలె?"

"తొట్టెల అయితే పిలుస్తమని చెప్పు. పిలవకుంట చేసుకుంటమా?"

సులోచన నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కిషన్ రావు ఆటో మాట్లాడడానికి ముందే కిందికి దిగాడు. దిగుతూ, "భోజనాలు లేటయితయి బిడ్డా, మాకోసం చూడకుండ్రి" అన్నాడు. ఆయన కోడలి వైపు చూడలేదు. ఆయనకు ఎంత తెలుసో, ఏం తెలుసో, ఎవరికీ తెలియదు.

చిక్కడపల్లి సందులో రెండు గదుల ఇల్లు. పెళ్లైన కొత్తలో పెద్దవాళ్లు గుడికి వెళ్తే చాలు, ఆ అరగంట కోసం వీళ్లిద్దరూ పొద్దున్నించి ఎదురుచూసేవాళ్లు. ఇప్పుడు తలుపు మూసుకున్నాక ఇల్లు మరీ పెద్దదైపోయింది. హాల్లో సుమంత్, గదిలో మాధురి. మధ్య గోడకు అటూ ఇటూ రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

చాలాసేపటికి సుమంత్ గడపలోకి వచ్చాడు. "ఛార్జర్ ఇక్కడున్నదా?"

"టీవీ దగ్గరున్నది."

అతడు టీవీ దగ్గరకు వెళ్లలేదు. వచ్చి మంచం మీద, ఒకప్పుడు తను పడుకునే వైపున కూర్చున్నాడు. ఆ వైపు దుప్పటి ముడత కూడా పడకుండా ఉంది. ఇన్ని రోజులూ మాధురి అటు జరగలేదు.

"డాక్టర్ ఏమన్నది?"

"మానింది అన్నది."

"మానిందంటే..."

"అంటే అదే."

కాసేపటికి అతని చెయ్యి వచ్చి ఆమె చెయ్యి మీద పడింది. చెమటగా ఉంది. ఆ చేతికోసం ఎన్ని రోజులుగా ఆమె వంటింట్లో, బస్సులో, స్నానాల గదిలో ఏడ్చిందో అతనికి తెలియదు. ఇక ఏమీ మాట్లాడకపోతే చాలు. మాట్లాడకపోతే అతడు ఇక్కడే ఉండిపోతాడు. రేపు దిండు కూడా వస్తుంది. మాట్లాడితే, లేచి వెళ్లిపోతే, ఈసారి తిరిగి రాడేమో.

కానీ రేపు మళ్లీ ఎప్పుడైనా తనకు ఒక గుల్ల వచ్చిందంటే, ఇతడు మళ్లీ పుణె వైపే చూస్తాడు. ప్రతిసారీ చూస్తాడు.

"నీకు ఎండకాలం వేడి చేస్తుండెనట" అంది.

చెయ్యి కదలలేదు. కానీ అందులో బరువు తగ్గింది.

"ఎవరు చెప్పిండ్రు?"

"అత్తమ్మ."

"అమ్మతోని మన ముచ్చట మాట్లాడినవా?"

"నేనేం మాట్లాడలే. సబ్జా నీళ్లిచ్చుకుంట ఆమెనే చెప్పింది."

చెయ్యి వెళ్లిపోయింది. "అది వేడి. ఎండల బండి మీద తిరిగితే అందరికయితది."

"సరే, వేడే అనుకో. మొదలయ్యేముందు ఎట్లుంటుండె?"

"ఇదేంది, ఇంటర్వ్యూనా? దొంగను అడిగినట్టు అడుగుతున్నవ్."

"నువ్వు నన్ను అడగనన్న అడగలే సుమంత్. దొంగనని నువ్వే రాసుకున్నవ్. దిండు తీసుకపోయి దివాన్ మీద పండుకున్నవ్."

"నేనేమన్న అన్ననా నిన్ను?"

"అంటే జవాబు చెప్పుకుందును. అనకుంటె ఏం చెప్పుకోవాలె? గోడకా?"

కింద సందులో ముంజల బండి వెళ్తోంది. అమ్మేవాడి గొంతు దూరమయ్యేదాకా ఇద్దరూ దాన్నే విన్నారు.

"ఒక్క ముచ్చట చెప్పు, నాకోసం" అంది మాధురి. గొంతు తగ్గింది. "ఎట్లుంటుండె?"

సుమంత్ మోకాళ్ల వైపు చూస్తూ చెప్పాడు, పాఠం అప్పజెప్పినట్టు. "ముందురోజే తెలుస్తుండె. తొడ వెనకకెల్లి ఏదో గుంజినట్టు. నరం పట్టుకున్నదనుకునేటోణ్ణి. తర్వాత దురద. తెల్లారితే రెండు మూడు గుల్లలు, ఒక్కకాడనే. ప్రతిసారి గదే జాగల." చెప్పి తల ఎత్తాడు. "ఏంది? గట్ల చూస్తున్నవ్?"

మాధురి చెయ్యి తన ఎడమ తొడ వెనక్కి వెళ్లింది.

"నీకు గూడ గట్లనేనా?"

ఆమె తల ఊపింది.

గెలిచినట్టు ఉంటుందనుకుంది మాధురి. అలా లేదు. పరీక్షలో తప్పిన పిల్లవాణ్ణి చూసినట్టుంది.

"డాక్టర్ పరీక్ష చెయ్యాలె అన్నది" అంది. "చూడకుంట చెప్పనన్నది. నాది గూడ ఎప్పటిదో చెప్పరాదట. నీ నుంచే అని నేను అంటలేను."

"జాలిపడి నన్ను ఇడిసిపెడుతున్నవా?"

"లేదు. తెల్వనిది తెల్వదంటున్న. నువ్వు అనలేని మాట."

సుమంత్ లేచాడు. కిటికీ దాకా వెళ్లి నిలబడ్డాడు. వెళ్లిపోతాడనుకుంది. వెళ్లలేదు.

"ఢిల్లీల కోచింగ్‌ల ఉన్నప్పుడు ఒకామె..." అని ఆగాడు.

"నేను అడగలే."

"నువ్వు అడగకుంటనే పుణె చెప్పినవ్. నేను ఢిల్లీ చెప్పలే. పాత ముచ్చట్లు మనకెందుకన్న. పెద్ద మనసున్నోని లెక్క. నాకు భయమై అన్న మాధురీ. నీ ముచ్చట ఇంటే నాది చెప్పాల్సొస్తదని."

ఇరానీ హోటల్లో ఆ బిస్కెట్ ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసింది. దాన్ని ఇన్నేళ్లు ఆమె ప్రేమ అనుకుని దాచుకుంది. అందులో ప్రేమ అసలే లేదని కూడా అనలేదు. ఎంత పాలు భయమో, ఎంత పాలు ప్రేమో, ఇక ఎవరు వేరు చేసి చెబుతారు?

"ఇంకోటున్నది" అన్నాడు సుమంత్, కిటికీ వైపే తిరిగి.

"ఏంది?"

"నిన్నటికెల్లి ఉన్నది."

"ఏం ఉన్నది?"

"గదే. తొడ వెనక. ఎండల తిరిగినందుకనుకున్న."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఇన్ని రోజుల తర్వాత అతడు మంచం దాకా వచ్చిన రోజు ఇదే. రాకూడని రోజూ ఇదే.

"అయితే ఇయ్యాల..."

"ఇయ్యాల వద్దు" అన్నాడు అతడు. ఆ మాట తనే అన్నందుకు ఆశ్చర్యపోయినట్టు నిలబడ్డాడు.

"రేపు డాక్టర్ దగ్గరికి పోదాం. ఎండకముందే రమ్మన్నది."

"రేపు క్లాసు..." అన్నాడు. అని, ఆమె ముఖం చూసి, "ఎవరికన్న చెప్త" అన్నాడు.

ఫోన్ మోగింది. కిషన్ రావు.

"బిడ్డా, భోజనాలైనయి. మీ అత్తమ్మ బయలెల్లుదామంటున్నది. నేనేమో జర ఎండ దిగినంక పోదామంటున్న. నువ్వేమంటవ్?"

వెనక నుంచి సులోచన గొంతు వినబడింది. "దాన్ని అడుగుడేంది? ఇంటికి పోయేతందుకు గూడ కోడలు పర్మిషన్ ఇయ్యాల్నా?"

మాధురి సుమంత్ వైపు చూసింది. రమ్మంటే ఇంకాసేపట్లో ఇల్లు మునుపటిలాగే నిండిపోతుంది. టీ, టీవీ, ఫంక్షన్ కబుర్లు. ఈ మాటలన్నీ మళ్లీ ఎక్కడికక్కడ సర్దుకుంటాయి. వద్దంటే ఈ గదిలో ఇద్దరే ఉండాలి, ఒకరినొకరు తాకే ధైర్యం లేకుండా.

"ఎండ దిగినంకనే రండి మామయ్యా."

"గంతే, గంతే" అని ఫోన్ పెట్టేశాడు ఆయన.

సుమంత్ వచ్చి మంచం చివర కూర్చున్నాడు. పెద్దవాళ్లు బయటికి వెళ్లినప్పుడు ఏం చెయ్యాలో వాళ్లకు ఎప్పుడూ తెలుసు. ఈరోజు తెలియలేదు.

"ఏం చేద్దాం?" అన్నాడు.

"ఢిల్లీ ముచ్చట చెప్పు."

అతడు కాళ్లు మంచం మీదికి లాక్కున్నాడు.

"పేరు గూడ చెప్పాల్నా?"

మాధురి నోరు తెరిచింది. చెప్పమనాలో, వద్దనాలో, ఆమెకే తెలియలేదు.